అప్‌డేట్: అమ్మకి లోపలి రేడియేషన్ కూడా ఇచ్చారు

అమ్మకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్, 3బీ స్టేజి, బయటి రేడియేషన్ అయిపోవస్తోంది, లోపలిది కూడా కావాలా, బదులుగా ఆపరేషన్ చేయించొచ్చా అని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్సండి. "లోపలిది మానొద్దు, మొత్తం 8 వారాల్లోపు పూర్తవ్వాలి" అన్న సలహానే నిజమైంది. అమలాపురం నుంచి తిరగలేక వైజాగ్‌లోనే గది తీసుకున్నాం.

డాక్టరు గారు ఎమ్మారై చూసి, బయటి రేడియేషన్‌కీ వారంవారం ఇచ్చిన సిస్‌ప్లాటిన్ అనే కీమో మందుకీ గడ్డ బాగా తగ్గింది కానీ ఒక పక్కకి కొంత మిగిలింది, లోపలి రేడియేషన్‌ని గర్భాశయంలోకి పెట్టే ఒక్క గొట్టంతోనే ఇస్తే అక్కడికి డోసు చాలదన్నారు. అందుకే గొట్టంతో పాటు సన్నటి సూదులు కూడా పెట్టి బ్రాకీథెరపీ (అదే, లోపలి రేడియేషన్) ఇచ్చారు. మత్తులో సూదుల నొప్పి తెలియలేదు, ఆ తర్వాత కదలకుండా వెల్లకిలా పడుకోవడమే అమ్మకి నరకం, నడుం పట్టేసి నా చెయ్యి గట్టిగా పట్టుకునేది.

ఒంట్లో రేడియేషన్ ఉండిపోతుంది, మనవల్ని దగ్గరకి రానివ్వకూడదేమో అని పడ్డ టెన్షన్ అంతా అనవసరం. రేడియేషన్ ఇచ్చే సోర్సు లోపల ఉండేది కొన్ని నిమిషాలే, మళ్లీ మెషీన్‌లోకి వెళ్లిపోతుంది. ఈ స్టేజిలో ఆపరేషన్ మొదటి వైద్యం కాదని కూడా చెప్పారు.

ఈమధ్య తీసిన స్కాన్‌లో గడ్డ కనబడలేదండి! చెకప్‌లు మాత్రం కొన్నేళ్లు తప్పవు. రేడియేషన్ వల్ల వచ్చిన విరేచనాలు చాలావరకు తగ్గాయి, నీరసం ఇంకా ఉంది.