అమ్మ మతిమరుపు వయసు వల్లేనా, అల్జీమర్స్ మొదలవుతోందా? ఎలా తేల్చుకోవాలి?

కృష్ణాతీరం (ప్రశ్న)

అమ్మకు 69. షుగరుకి మెట్‌ఫార్మిన్ చాలా ఏళ్లుగా వాడుతోంది, బీపీ మాత్ర కూడా ఉంది. ఏడాదిగా అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతోంది. పప్పులో ఉప్పు రెండుసార్లు పడుతోంది. చుక్కలు పెట్టాక ముగ్గు ఎలా కలపాలో తెలియక వదిలేస్తోంది. చిన్ననాటి సంగతులు మాత్రం పేర్లతో సహా చెబుతుంది. అందుకే ఇంట్లో అందరూ "జ్ఞాపకం బాగానే ఉందిగా" అంటున్నారు. ఏం గమనించాలి? ఏ పరీక్షలు చేయించాలి?

మెమరీ_క్లినిక్_నర్సు

పాత సంగతులు గుర్తున్నాయని ధీమాగా ఉండకండి. అల్జీమర్స్ ముందుగా దెబ్బతీసేది మెదడులో హిప్పోక్యాంపస్ అనే చోటు చుట్టుపక్కల భాగాన్ని. కొత్త విషయం మెదడులో నిలవాలంటే అదే కావాలి. అందుకే యాభై ఏళ్ల కిందటి పెళ్లి గుర్తుంటుంది, పొద్దున తిన్న టిఫిను గుర్తుండదు.

తేడా తెలిసేది చిన్న ఆనవాలు అందించినప్పుడు. "నిన్న ఎవరొచ్చారమ్మా?" అంటే చెప్పలేకపోయారనుకోండి. "పిన్ని వచ్చింది, జామకాయలు తెచ్చింది" అనగానే "అవునవును, పచ్చివి" అని అందుకుంటే అది ఎక్కువగా వయసు మతిమరుపే. అంత చెప్పినా "పిన్ని ఎప్పుడొచ్చింది?" అంటే ఆ సంగతి అసలు మెదడులోకి ఎక్కలేదన్నమాట. అది రోజూ జరుగుతుంటే ఆగొద్దు.

జ్ఞాపకం ఒక్కటే చూడకండి. మీరు చెప్పిన ముగ్గు నాకు ఉప్పు కన్నా ముఖ్యంగా అనిపిస్తోంది. చేతికి అలవాటైన వరసలు తప్పడం, చిల్లర లెక్క తేలకపోవడం, స్ట్రిప్పులో మాత్రలు ఎక్కువో తక్కువో మిగలడం, మాట దొరక్క "అదే, అది" అంటూ గడిపేయడం, తెలిసిన సందులో దారి తప్పడం కూడా గమనించాలి. గాజులు బియ్యం డబ్బాలో పెట్టి పనమ్మాయి తీసిందనడమూ ఇందులో భాగం కావచ్చు, దాన్ని చెడ్డబుద్ధి అనుకోకండి.

మన ఇళ్లలో ఇంకో చిక్కుంది. కోడలు వంట అందుకుంటుంది, కొడుకు బ్యాంకు పని చూస్తాడు. పెద్దావిడ ఏ పని చేయలేకపోతున్నారో ఎవరికీ కనబడదు. కాబట్టి పక్కింటి పెద్దవాళ్లతో పోల్చకుండా, రెండేళ్ల కిందట ఆవిడే ఏమేం చేసేవారో రాసుకుని ఇప్పటితో పోల్చండి.

మందుల_చీటీ

పై జవాబుకు ఒకటి కలుపుతాను. అల్జీమర్స్ అని ముద్ర వేసే ముందు, నయమయ్యే కారణాలు వెతకాలి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 విటమిన్ తగ్గవచ్చు, శాకాహారులైతే ఆ అవకాశం ఇంకా ఎక్కువ. బి12, టీఎస్‌హెచ్ (థైరాయిడ్), సోడియం, షుగరు, క్రియాటినిన్ (కిడ్నీ), రక్తహీనత పరీక్షలు ముందు చేయించండి. ఆవిడ ఇప్పటికే బి కాంప్లెక్స్ వేసుకుంటుంటే డాక్టరుకు చెప్పాలి, లేకపోతే బి12 అంకె బాగున్నట్టే కనిపించవచ్చు. బీపీ మాత్రలో మూత్రం ఎక్కువగా పోయించే క్లోర్‌థాలిడోన్ లాంటిది ఉంటే రక్తంలో సోడియం పడిపోవచ్చు. దానివల్లా మనిషి అయోమయంగా ఉంటారు.

మందుల సంచీ మొత్తం పట్టుకెళ్లండి. జలుబు మాత్రల్లోని క్లోర్‌ఫెనిరమిన్, దిగులుకో నరాల నొప్పికో ఇచ్చే అమిట్రిప్టిలిన్, మూత్రం ఆపుకోలేనివారికిచ్చే ఆక్సీబ్యుటినిన్, నిద్రకని వేసుకునే ఆల్ప్రజోలం, ఇవన్నీ పెద్దవాళ్ల జ్ఞాపకాన్ని మసకబారుస్తాయి. అయితే ఆల్ప్రజోలం మీరే ఒక్కసారిగా ఆపేయకండి, ఫిట్స్ రావచ్చు.

అల్జీమర్స్ నెలలు, ఏళ్ల మీద నెమ్మదిగా ముదురుతుంది. రెండు మూడు రోజుల్లో మనిషి మారిపోతే, గంటకోలా ఉంటే, అది ఇన్ఫెక్షనో సోడియమో మందుల గొడవో అయ్యుంటుంది. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. పడిన కొన్ని వారాలకు మొదలైతే తలలో రక్తం గడ్డ కట్టిందేమో చూడాలి. నడక ఈడ్చుకుంటూ, మూత్రం ఆగకుండా, మతిమరుపు కూడా ఉంటే మెదడులో నీరు చేరిందేమో చూస్తారు. తల స్కాన్ తీసేది ప్రధానంగా ఇలాంటివి పట్టుకోవడానికే. ఎంఆర్ఐ మామూలుగా ఉందన్నంత మాత్రాన అల్జీమర్స్ లేదని కాదు.

కృష్ణాతీరం

చాలా స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలు. డాక్టరంటే అమ్మ "నాకేం పిచ్చా?" అంటోంది. ఎలా తీసుకెళ్లాలి?

మెమరీ_క్లినిక్_నర్సు

బి12 కోసం రక్తం ఎలాగూ తీయాలి, అక్కడి నుంచే మొదలుపెట్టండి. అది అబద్ధమూ కాదు. ఇంట్లో "ఇవాళ ఏ వారం, చెప్పు" అని పరీక్షలు పెట్టకండి, అవమానంగా ఉంటుంది, ఇక నోరు విప్పరు.

న్యూరాలజిస్టు గానీ సైకియాట్రిస్టు గానీ చూస్తారు. ఆవిడ ముందు లోపాలు ఏకరువు పెట్టకుండా, ఏ పని ఎప్పటి నుంచి తప్పుతోందో ఒక పేజీ రాసి డాక్టరుకు ముందే ఇవ్వండి. కళ్లజోడు, వినికిడి యంత్రం ఉంటే మరచిపోవద్దు. చెవి వినబడక తప్పు చెప్పినా మార్కు పోతుంది. జ్ఞాపకం పరీక్ష తెలుగులోనే చేయమని అడగండి. ఎంతవరకు చదువుకున్నారో కూడా చెప్పాలి. 30 మార్కుల పరీక్షలో బడికి వెళ్లనివారికి జబ్బు లేకున్నా తక్కువ వస్తాయి, బాగా చదువుకున్నవారికి జబ్బు మొదలైనా ఎక్కువే రావచ్చు.

మందుల_చీటీ

దిగులుతో కూడా ఇలాగే మరచిపోతారు. ఏమడిగినా "తెలియదు" అనేసి, తిండీ నిద్రా తగ్గితే అదీ చెప్పండి, దానికి మందు వేరు.

ఒకవేళ అల్జీమర్సే అయితే సాధారణంగా డోనెపెజిల్ అనే మాత్ర 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, నాలుగు నుంచి ఆరు వారాల తర్వాత 10కి పెంచుతారు. జబ్బును ఆపదు, కొందరికి కొంతకాలం పనులు చేసుకునే శక్తి నిలుస్తుంది. వికారం, విరేచనాలు రావచ్చు. గుండె వేగం తగ్గించే గుణం ఉంది కాబట్టి ముందు ఈసీజీ తీయించండి.

బ్యాంకు ఖాతా, నామినీ, వీలునామా సంగతులు ఆవిడకు వివరం తెలిసినప్పుడే ఆవిడ ఇష్టప్రకారం పూర్తి చేయండి. గ్యాస్ సిలిండరు రెగ్యులేటరు మాత్రం ఈ రాత్రి నుంచే ఎవరో ఒకరు చూసి కట్టేయాలి.