పెద్దమ్మ గార్డియన్‌షిప్ మావయ్య నుంచి నా పేరుకి మార్చుకోవాలంటే?

ప్రశ్న (సీతమ్మధార)
పెద్దమ్మకి 79, అల్జీమర్స్. పెదనాన్న లేరు, పిల్లల్లేరు. 2021లో హైకోర్టు మా మావయ్యని గార్డియన్‌గా పెట్టింది. ఆయనకి పక్షవాతం వచ్చింది, ఇక తిరగలేరు. నోటరీ దగ్గర నాకు రాసిచ్చేస్తే చాలంటున్నారు. నిజమేనా? మా వైపు అందరూ సరేనన్నారు.

జవాబు (నేలపాడు వకీలు)
చాలదండీ. ఆ హోదా కోర్టు ఇచ్చింది, ఇంకొకరికి రాసిచ్చే హక్కు ఆయనకి లేదు. పెద్దమ్మగారితో జీపీఏకి (తన తరఫున వ్యవహరించమని ఇచ్చే అధికార పత్రానికి) వేలిముద్ర వేయించడం ఇంకా దండగ. మతి స్థిమితం ఉన్నప్పుడు ఇచ్చిన జీపీఏ కూడా అది పోయాక చెల్లదు, కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్.

1890 గార్డియన్స్ చట్టం మైనర్లకే. 2017 మానసిక ఆరోగ్య చట్టం ఆస్తి గార్డియన్ ఊసే ఎత్తలేదు. అందుకే మళ్ళీ హైకోర్టుకే వెళ్లాలి. పాత ఆర్డరు చివరి పేరాలు చూడండి. మళ్ళీ రావచ్చని రాసి ఉంటే అందులోనే దరఖాస్తు, లేకుంటే రాజ్యాంగం 226వ ఆర్టికల్ కింద కొత్త రిట్ పిటిషన్. ఆయన్ని తప్పించడం, మిమ్మల్ని నియమించడం, రెండూ ఒకే పిటిషన్లో అడగండి. విడివిడిగా అయితే మధ్యలో సంతకం పెట్టే దిక్కుండదు.

అసలు చిక్కు మరోచోట ఉంది. మీ వైపు ఒప్పుకుంటే సరిపోదు. పిల్లల్లేని హిందూ స్త్రీ స్వార్జితానికి వారసులు భర్త తరఫు వాళ్ళు, హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్. పుట్టింటి ఆస్తి ఒక్కటే పుట్టింటికి తిరిగొస్తుంది. అభ్యంతరం లేదని పెదనాన్నగారి అన్నదమ్ముల అఫిడవిట్లు (ప్రమాణ పత్రాలు) లేకపోతే మొదటి అభ్యంతరం అక్కడినుంచే.

జవాబు (రిటైర్డ్ బ్యాంకు)
ఆర్డరు వచ్చేదాకా మావయ్యగారి సంతకమే చెల్లుతుంది, ఏటీఎం కార్డు మీరు వాడకండి. 2021 నుంచి స్టేట్‌మెంట్లు, అద్దె, ఆస్పత్రి బిల్లులు సంవత్సరాలవారీగా పెట్టించండి. లెక్క తేలందే పాత గార్డియన్‌ని వదలరు. డాక్టరు సర్టిఫికెట్లో 'డిమెన్షియా ఉంది' అని ఒక్క ముక్క ఉంటే పనికిరాదు. డబ్బు, ఆస్తి విషయాల్లో సొంతంగా నిర్ణయం తీసుకోలేరని, పరీక్ష తేదీతో రాయించండి. విశాఖ కేజీహెచ్ ఆస్పత్రిలోగానీ చినవాల్తేరు మానసిక వైద్యశాలలోగానీ తీసుకోవడం మేలు.

ప్రశ్న (సీతమ్మధార)
పెదనాన్న తమ్ముడి కొడుకు అమెరికాలో ఉన్నాడు. సంతకం ఎలా?

జవాబు (నేలపాడు వకీలు)
అక్కడి ఇండియన్ కాన్సులేట్‌లో అఫిడవిట్ అటెస్ట్ చేయించి కొరియర్లో పంపమనండి. వాట్సాప్ స్కాన్ తీసుకోరు. పెట్టనంటే అతన్ని ప్రతివాదిగా చేర్చి నోటీసు పంపించండి, దాచిపెట్టి వేయొద్దు.