గోగునార ఎపాక్సీ షీట్: స్టిఫ్‌నెస్ లెక్కలో 8, టెస్టులో 4. తేడా ఎక్కడ?

రాజాం_మెకానికల్:
అన్నలూ, మా ఫైనలియర్ ప్రాజెక్ట్ గోగునార ఎపాక్సీ షీట్. నారని చిన్న ముక్కలు కోసి అన్ని దిక్కులా పడేలా పరిచి చేత్తోనే రెజిన్ (ఎపాక్సీ జిగురు) పూసి వేశాం, బరువులో 30 శాతం నార. స్టిఫ్‌నెస్ (లాగితే సాగకుండా ఎంత నిలబడుద్దో, జీపీఏ అంటే గిగాపాస్కల్స్‌లో కొలుస్తాం) కోసం రూల్ ఆఫ్ మిక్స్చర్స్‌లో, అంటే నార, రెజిన్ విలువల్ని వాటి వాటాల ప్రకారం కలిపే ఫార్ములాలో, నారకి 20 జీపీఏ, రెజిన్‌కి 3 వేస్తే 8.1 వస్తోంది, లాగి చూసే టెన్సైల్ టెస్టులో 4 దాటట్లేదు, అదీ ముక్కముక్కకీ మారిపోతోంది. ఇంత తేడా ఉంటే ముందే లెక్కేసుకుని ఏటి లాభం? మావాళ్లు మెషిన్ లెర్నింగ్ పెట్టేద్దాం అంటున్నారు, ఉన్నవి పాతిక శాంపిళ్లే.

ఇజీనారం_అన్న:
తమ్ముడూ, ఆ ఫార్ములా పొడుగు నార అంతా లాగే వైపే పేర్చినప్పటిది. పైగా 30 అన్నది బరువు శాతం, అందులో వెయ్యాల్సింది వాల్యూమ్ శాతం. నార డెన్సిటీ 1.4, రెజిన్ 1.15 అనుకుంటే 26 అవుద్ది. షీట్‌లో అన్ని దిక్కులా పడ్డ నార వాటాని 3/8తో గుణించు. 0.26 × 20 × 3/8 అంటే 1.95, రెజిన్ వాటా 2.22, మొత్తం 4.17. మీ టెస్టు దగ్గరకి వచ్చేసింది కదా! మిగతాది గాలి బుడగలు, పొట్టి ముక్కలు తినేస్తాయి. పొడుగు కూడా లెక్కలోకి రావాలంటే హాల్పిన్-సాయ్ ఫార్ములా గానీ 1952 నాటి కాక్స్ షియర్ లాగ్ మోడల్ గానీ చూడు. స్ట్రెంత్ (ఎంత లాగితే తెగుద్దో) మాత్రం ఇంత తేలిగ్గా దొరకదు, నారకీ రెజిన్‌కీ పట్టు ఎంతుందో, ఏ బుడగ దగ్గర చీలిక మొదలవుద్దో అన్నీ చూడాలి.

చెరువుగట్టు:
మాది గోగు వేసే ఇల్లే బాబూ. కట్టలు చెరువులో ఎన్నాళ్లు ఊరాయి, నీళ్లు నిలవవా పారేవా అన్నదాన్ని బట్టి నార మారిపోద్ది. మొదలు వైపు బెరడు అంటుకుని గట్టిగా ఉంటది, మిల్లుల్లో అది కోసి వేరుచేస్తారు, మీరు తీశారా? జనపనారకే పుస్తకాల్లో 10 నుంచి 30 జీపీఏ దాకా రాస్తారు, అందుకని మీ నారనే పోగు పోగుగా లాగించి సగటు తీయండి. రెజిన్ పోసే ముందు ఓవెన్‌లో ఆరబెట్టండి, ఈ నార గాల్లో తేమంతా పీల్చేస్తది.

డేటా_పిల్ల:
పాతిక శాంపిళ్లకి న్యూరల్ నెట్‌వర్క్ వద్దు, బట్టీ పట్టేసి కొత్త షీట్‌కి ఏదో అంకె చెప్పేస్తది. ఫార్ములాకీ టెస్టుకీ మిగిలిన తేడాని మాత్రం చిన్న రిగ్రెషన్‌కి (అంకెలకి గీత అమర్చే లెక్కకి) ఇవ్వండి. ఒకే షీట్‌లోంచి కోసిన ముక్కలు కొన్ని ట్రైనింగ్‌లో కొన్ని టెస్టింగ్‌లో పెట్టకండి, రిజల్ట్ ఊరికే బాగా కనబడిపోద్ది.

రాజాం_మెకానికల్:
అందరికీ చాలా థాంక్స్, 4.17 మేమూ వేసి చూశాం. పోగు లాగడానికి చిన్న లోడ్ సెల్ (బలం కొలిచే సెన్సర్) కావాలి, మా ల్యాబ్‌లో పెద్ద యూటీఎమ్ (ముక్కల్ని లాగి చూసే టెస్టింగ్ మిషన్) ఒక్కటే ఉంది. మనవైపు జూట్ మిల్లుల్లో నార టెస్ట్ చేసే మిషన్ ఉంటుందా, స్టూడెంట్లని లోపలికి రానిస్తారా?