పెద్దవాళ్ళలో ఏడీహెచ్‌డీ (మనసు ఒకచోట నిలవకపోవడం, అతిచురుకు ఉండే సమస్య): మందు వేసుకోవాలా, ఫోన్ పక్కన పెడితే చాలా?

బెజవాడ అకౌంటెంట్:
నాకు 37 ఏళ్ళు. జీఎస్టీ రిటర్న్‌లు వేసే పని. ప్రతి నెలా 20 గడువని తెలుసు, అయినా 19 రాత్రి దాకా ఫైలు ముట్టుకోలేను. పోయిన నెల ఒక బిల్లు కనబడక బీరువా తీశాను. అందులో పాత ఫోటోలు కనిపించాయి. రాత్రి రెండింటికి తేరుకుని చూస్తే బీరువా అంతా సర్ది ఉంది, రిటర్న్ వేయలేదు. అక్కడే కూర్చుని ఏడ్చాను. రోజుకు 50 రూపాయల లేట్ ఫీజు నేనే కట్టాను. గత వారం సైకియాట్రిస్టు ఏడీహెచ్‌డీ అని చెప్పి మిథైల్‌ఫెనిడేట్ అనే మందు రాశారు. మా ఆయనేమో "మందులెందుకు, ఫోన్ పక్కన పెట్టు చాలు" అంటున్నారు. మీరేమంటారు?

రిటైర్డ్ మాస్టారు:
అమ్మా, ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పినవాణ్ణి. మీవారి మాటలో తప్పు కనబడటం లేదు. రీల్స్ చూసి చూసి పది నిమిషాలు మనసు నిలపలేనివాళ్ళు ఇంటింటా ఉన్నారు. దానికి జబ్బు పేరు పెట్టి, మాదకద్రవ్యాల చట్టం కింద అదుపులో ఉంచిన మందు మింగడమంటే నాకు భయం. నిద్ర, నడక, పనులు రాసిపెట్టుకోవడం... ఆరు నెలలు ఇవి చేసి చూడండి.

ఓరుగల్లు ఆడబిడ్డ:
మాస్టారూ, ఆ భయం నాకూ ఉండె. కానీ ఫోన్ మాట ఒప్పుకోను. 12 ఏళ్ళలోపే కొన్ని లక్షణాలు కనబడి ఉంటేనే డాక్టర్లు ఈ పేరు పెడతారు. 2013లో వచ్చిన డీఎస్ఎం-5 లెక్క అది, అంటే మానసిక సమస్యలకు పేరు పెట్టడానికి డాక్టర్లు చూసే అమెరికా పుస్తకం, అంతకుముందు 7 ఏళ్ళు అనేవాళ్ళు. అందుకే నా డాక్టరు మా అమ్మను కూడా రమ్మన్నారు. "మూడో తరగతిల నెలకు రెండు కంపాస్ బాక్సులు పోగొట్టేది, సారు పాఠం చెప్తుంటే కిటికీలకెళ్ళి చూసేది, అల్లరి చెయ్యకపోయేది కాబట్టి ఎవ్వరూ పట్టించుకోలే" అన్నది అమ్మ. అది 1995. మా ఇంట్లో ల్యాండ్‌లైన్ కూడా లేదు! గోల చేసే మగపిల్లలు కంటబడతారు, పరధ్యానంగా కూర్చున్న ఆడపిల్లను ఎవరు చూస్తారు?

మందు మొదలుపెట్టిన వారం కుక్కర్ పెట్టి మూడు విజిల్స్ లెక్కబెట్టి స్టవ్ కట్టేశాను. అంతకుముందు నెలకోసారైనా పప్పు మాడేది. ఆకలి మాత్రం చచ్చిపోయింది, మధ్యాహ్నం బాక్సు మూత తీయకుండానే ఇంటికి తెచ్చేదాన్ని. చెప్తే డాక్టరు డోసు తగ్గించారు.

విశాఖ కౌన్సెలర్:
థైరాయిడ్, డిప్రెషన్, నిద్రలేమి కూడా ఇలాగే కనిపిస్తాయి. వాటిని చూశారా అని డాక్టరును అడగండి. ఆన్‌లైన్‌లో ఆరు ప్రశ్నలకు టిక్ పెట్టి తేల్చుకునేది కాదిది. మిథైల్‌ఫెనిడేట్‌కి ముందూ, వాడుతున్నప్పుడూ బీపీ, నాడి చూడాలి. అది పడనివాళ్ళకు ఆటోమాక్సెటిన్ అనే మందు ఉంది, మిథైల్‌ఫెనిడేట్‌లా స్టిమ్యులెంట్ (మెదడును ఉత్తేజపరిచే మందు) కాదు, గుణం కనబడటానికి కొన్ని వారాలు పడుతుంది. మాస్టారు చెప్పిన రాసిపెట్టుకోవడం కూడా కావాలి, మందు ఆ పని నేర్పదు. కానీ ఆరు నెలలు అలవాట్లతోనే నెట్టుకురమ్మంటే ఒప్పుకోను. రాసిపెట్టుకున్న కాగితమే ఎక్కడ పెట్టారో గుర్తుండని మనిషికి అది ఇంకో ఓటమి అవుతుంది. డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్ళు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయవచ్చు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

రిటైర్డ్ మాస్టారు:
కంపాస్ బాక్సు మాట చదివాక నిన్న రాత్రి నిద్ర పట్టలేదు. ఏడో తరగతిలో అలాంటి పిల్లే ఒకతి ఉండేది. పరధ్యానమని ఎన్నోసార్లు క్లాసు బయట నిలబెట్టాను. అక్కడా వేపచెట్టు కేసి చూస్తూ నిలబడేది. మందంటే నా భయం పోలేదు, బీపీ చూడకుండా మొదలుపెట్టవద్దమ్మా. ఫోన్ మాట మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను.

బెజవాడ అకౌంటెంట్:
మాస్టారి రెండో మాట మా ఆయనకు చదివి వినిపించాను. ఏమీ అనలేదు. కాసేపటికి లేచి, "సోమవారం డాక్టరు దగ్గరికి నేనూ వస్తాను, బీపీ అక్కడే చూపిద్దాం" అన్నారు.