మనుషులు గిట్టనివాడా, మనుషులకు గిట్టనివాడా?

ప్రశ్న: ఫెర్డినాండ్ రైముండ్ మాయనాటకం ‘డేర్ ఆల్పెన్‌కోయ్‌నిగ్ ఉంట్ డేర్ మెన్షెన్‌ఫైంట్’ (వియన్నా, 1828) పేరులో చివరి మాటకు తెలుగేమిటి? ‘మానవద్వేషి’ సరిపోతుందా?

జవాబు: అర్థానికి సరిపోతుంది, నవ్వుకు సరిపోదండీ. ‘ద్వేషి’ అనగానే పౌరాణికంలో ప్రతినాయకుడు కనిపిస్తాడు. ఇతను ఇంట్లోవాళ్ళను అనుమానంతో వేపుకుతినే డబ్బున్న పెద్దమనిషి. పేరు రాపెల్‌కోప్ఫ్. ‘రాపెల్’ అంటే తిక్క, ‘కోప్ఫ్’ అంటే తల, కాబట్టి తిక్కబుర్ర. పేరుకు నా ఓటు ‘మనుషులు గిట్టనివాడు’కే.

ఇంకొకరు: అక్కడ ‘కు’ పడకుండా చూసుకోండి. ‘మనుషులకు గిట్టనివాడు’ అంటే జనం ఇతన్ని సహించరని. గమ్మత్తేమిటంటే తన సంగతి అదేనని అతని నమ్మకం. వంటకత్తి పట్టుకుని చికోరీ కోయడానికి వచ్చిన నౌకరు హబాకుక్‌ను చూసి, పెళ్ళామే తనను చంపించబోతోందనుకుంటాడు. తెలుగులో ఈ ఘట్టం తేలిగ్గా పండుతుంది. ‘అమ్మగారు కోసుకు రమ్మన్నారండి’ అని నౌకరు ఆగితే చాలు, ఏం కోయాలో చెప్పక్కర్లేదు. ‘చికోరీ’ ముందే అనిపిస్తే సీను పోయినట్టే.

అడిగినవారు: మరి అతని తీరును అతనికే అద్దంలా చూపించే భాగం?

జవాబు: అసలు చిక్కు అక్కడే. ఆల్ప్స్ కొండలరాజు ఆస్ట్రగాలుస్ రాపెల్‌కోప్ఫ్ రూపం ధరించి, అతన్ని భార్య తోబుట్టువు సిల్బర్‌కెర్న్‌గా మార్చేస్తాడు. జర్మన్‌లో బావైనా బావమరిదైనా ‘ష్వాగర్’ అనేస్తే పనైపోతుంది. మనకు వరస తేలాలి: భార్యకు అన్నా, తమ్ముడా? తమ్ముణ్ణి చేయడం మేలు. అప్పుడు సొంత పెళ్ళామే ‘తమ్ముడూ’ అంటుంది, తన రూపంలో ఉన్నవాణ్ణి తనే ‘బావా’ అనాలి. ఆ బావ ‘నువ్వెవడివోయ్ చెప్పడానికి’ అని విరుచుకుపడితే, తన మాటే తనకు తిరిగి తగులుతుంది. అన్నగా పెడితే ‘మీరు’ అడ్డొచ్చి తిట్టు చల్లబడుతుంది. ఇద్దరికీ ప్రాణం ఒక్కటే అన్న షరతు కూడా ఉంది కదా, బావకు దెబ్బ తగలకుండా బావమరిదే కాపాడుకోవాలి!

ఇంకొకరు: హబాకుక్ ఊతపదం సంగతి? తను రెండేళ్ళు పారిస్‌లో ఉన్నానని అస్తమానం అంటాడు.

జవాబు: ‘రెండేళ్ళు పారిస్‌లో ఉండొచ్చినవాణ్ణి’. ఆ ‘వాణ్ణి’లోనే డాబంతా ఉంది. ప్రతిచోటా అక్షరం మార్చకండి, మారిస్తే ఊతపదం కాదు, సమాచారం అవుతుంది.

మరొకరు: ‘పుట్టు, గిట్టు’లో గిట్టడం చావడం కదా. గిట్టనివాడంటే చావనివాడని ఎవరైనా లాగరూ?

జవాబు: లాగుతారు, పండితులు ఊరుకోరు. ‘మనుషులంటే గిట్టనివాడు’ అనండి. ‘అంటే’ పడ్డాక చావూ ఉండదు, ‘కు’ గొడవా ఉండదు.