పువ్వు దిద్దులు ముందుకు వాలిపోతున్నాయి, చెవి దురద పెడుతోంది: కొత్త జత ఎలా ఎంచుకోవాలి?

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. రోజూ పెట్టుకోవడానికి పువ్వు ఆకారపు దిద్దులు కొనాలనుకుంటున్నాను. ఇప్పుడు నా దగ్గర ఉన్నవి బంగారు పూత వేసిన అయిదు రేకుల పువ్వులు. వెడల్పు సుమారు 16 మి.మీ. ఉంటుంది, కాడ సరిగ్గా పువ్వు నడుమన అతికి ఉంది. పెట్టుకున్న కాసేపటికే పువ్వు పైభాగం చెవిని వదిలి ముందుకు వాలిపోతుంది, పువ్వు ముఖం నేలవైపు తిరుగుతుంది. ఎదురుగా ఉన్నవారికి పువ్వు కనిపించదు, పై రేకు అంచు మాత్రమే కనిపిస్తుంది. శీలను ఎంత బిగించినా ఫలితం లేదు, పైగా సాయంత్రానికి రెండు తమ్మెలూ ఎర్రబడి దురద పెడుతున్నాయి. నా చెవి రంధ్రాలు కాస్త కిందికి ఉంటాయి. ఎంత పరిమాణం పువ్వు తీసుకోవాలి, ఏ లోహమైతే మంచిది, కొనేటప్పుడు ఏమేమి చూసుకోవాలి? అనుభవమున్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

మొదటి సమాధానం

నమస్కారమండీ. మీ దిద్దులు వాలిపోవడానికి కారణం శీల వదులుగా ఉండటం కాదు, కాబట్టి దయచేసి దాన్ని ఇంకా బిగించకండి. చెవికి ముందున్న బరువు కాడ ముందు కొసను కిందికి లాగుతుంది, ఆ లాగుడుకు వెనక కొస పైకి లేస్తుంది. ఈ తిరుగుడును ఆపడానికి చెవి దగ్గర రెండే ఆధారాలు ఉంటాయి. రంధ్రానికి కింద తమ్మెను ఆనుకునే అడుగు రేకులు ఒకటి, రంధ్రానికి పైన తమ్మె వెనక భాగాన్ని నొక్కి ఉంచే శీల బిళ్ళ అంచు రెండవది. మీ రంధ్రం కిందికి ఉండటం వల్ల అడుగు రేకుల్లో చాలా భాగం తమ్మె దాటి గాలిలో ఉంటుంది, ఆనుకోవడానికి వాటికి చోటు దొరకదు. మామూలు దిద్దులతో వచ్చే శీల బిళ్ళ చాలా చిన్నది కాబట్టి వెనక ఆధారమూ అంతంతమాత్రమే. శీలను బిగిస్తే తమ్మె నలిగి రక్తప్రసరణ తగ్గుతుందే తప్ప పువ్వు నిలబడదు.

అందుకే పువ్వు దిద్దు కొనేటప్పుడు ముందు దాన్ని వెనక్కి తిప్పి చూడాలన్నది నా గట్టి అభిప్రాయం. కాడ పువ్వు నడుమన కాకుండా పై రేకుకు దగ్గరగా అతికి ఉంటే, బరువు రంధ్రానికి కిందికి చేరుతుంది, అప్పుడు పువ్వు నిలువుగా వేలాడినట్టు నిలబడుతుంది. ఈ ఒక్క మార్పు ఎంత తేడా తెస్తుందో ఇంట్లోనే పరీక్షించి చూడవచ్చు. తమ్మెంత మందం ఉండే మెత్తని అట్టముక్కకు గుండుసూదితో రంధ్రం చేసి, దిద్దు కాడను అందులో గుచ్చి, వెనక శీల పెట్టి, అట్టను నిటారుగా పట్టుకుని పక్కనుంచి చూడండి. నడుమన కాడ ఉన్న పెద్ద పువ్వు పై అంచు అట్టను వదిలి ముందుకు వస్తుంది. ఆ తర్వాత అదే దిద్దుకు శీల కంటే ముందు 10 మి.మీ. వెడల్పున్న పలచని ప్లాస్టిక్ బిళ్ళ ఒకటి తొడిగి మళ్ళీ చూస్తే, వాలు చాలావరకు తగ్గడం మీకే తెలుస్తుంది. ఇటువంటి వెడల్పు బిళ్ళ ఉన్న శీలలు విడిగా దొరుకుతాయి. పాత జతను వదులుకోవడం ఇష్టం లేకపోతే ముందుగా అవి తెచ్చుకోండి.

పరిమాణం విషయానికి వస్తే, రంధ్రం నుంచి తమ్మె కింది అంచు దాకా ఎన్ని మిల్లీమీటర్లు ఉందో ఎవరిచేతనైనా కొలిపించండి. నడుమన కాడ ఉన్న పువ్వు సగం వెడల్పు ఆ కొలతను ఒకటి రెండు మిల్లీమీటర్ల కంటే మించకూడదు. మీ కొలత 5 మి.మీ. అయితే 10 నుంచి 12 మి.మీ. పువ్వు చక్కగా సరిపోతుంది, 16 మి.మీ. మాత్రం మీ చెవికి పెద్దదే. గుండ్రటి ముఖానికి ఒక రకం, కోల ముఖానికి ఒక రకం అని చెప్పే పట్టికలు చాలానే కనిపిస్తాయి గాని, తమ్మె కొలతకు సరిపడని పువ్వు ఏ ముఖానికీ నప్పదు. రోజంతా పెట్టుకునేవైతే ఒక్కొక్కటి 3 గ్రాములకు మించకుండా చూసుకోమని నా సలహా. ఏళ్ళ తరబడి బరువు మోసిన రంధ్రం కిందికి సాగి గీతలా మారుతుంది. అలా సాగిన రంధ్రం తనంతట తాను పూర్వస్థితికి రాదు, వైద్యులచేత కుట్లు వేయించుకోవలసి వస్తుంది.

రెండవ సమాధానం

దిద్దు నిలబడటం గురించి పైవారు చెప్పినదానితో ఏకీభవిస్తాను. నేను దురద గురించి మాత్రమే రాస్తాను, ఎందుకంటే దాన్ని తేలికగా తీసుకోకూడదు. దురద రెండు చెవులకూ వచ్చిందంటున్నారు, దిద్దులేమో పూత వేసినవి. ఈ రెండూ కలిపి చూస్తే నికెల్ అనే లోహం పడకపోవడం వల్ల కావచ్చునన్న అనుమానం కలుగుతుంది. చర్మానికి పడని లోహాల్లో అన్నిటికన్నా తరచుగా కనిపించేది అదే. పూత వేసిన దిద్దుల్లో లోపలి లోహానికి గాని, పూతకు అడుగున వేసే పొరకు గాని నికెల్ వాడుతుంటారు. పెట్టి తీసే ప్రతిసారీ కాడ రంధ్రానికి రాసుకుంటుంది కాబట్టి పూత మొదట అరిగేది కాడ మీదనే. రేకులు తళతళలాడుతున్నా కాడ రంగు మారి ఉంటే, లోపలి లోహం చర్మానికి నేరుగా తగులుతోందని అర్థం. ఇంకొక చిక్కు ఏమిటంటే, ఈ ప్రతిచర్య పెట్టుకున్న వెంటనే రాకపోవచ్చు. ఒకటి రెండు రోజులు గడిచాక బయటపడటం వల్ల చాలామంది అసలు కారణాన్ని గుర్తించలేకపోతారు. ఒకసారి ఈ తత్వం ఏర్పడితే సాధారణంగా జీవితాంతం ఉంటుంది.

అయితే దురదకూ చీముకూ తేడా గమనించండి. లోహం పడకపోతే దురద, పొట్టు రేగడం, నీరు కారడం ఉంటాయి, ఎక్కువగా రెండు వైపులా వస్తుంది. నొప్పి, వేడి, వాపు, చీము ఒక్క చెవికే వస్తే అది సూక్ష్మజీవుల వల్ల కావచ్చు. అప్పుడు ఇంటి చిట్కాలతో కాలయాపన చేయకుండా వైద్యులకు చూపించాలి. చెవి పైభాగంలోని మృదులాస్థికి కుట్టించుకున్నచోట ఇలా జరిగితే మరీ త్వరపడాలి.

కొత్త జతకు లోహం ఎంచుకునేటప్పుడు పువ్వు ఏ లోహమన్నదానికంటే కాడ, శీల ఏ లోహమన్నది ముఖ్యం. టైటానియం, నియోబియం, ప్లాటినం కాడలు దాదాపు అందరికీ పడతాయి. 22 క్యారట్ల బంగారంలో 91.6 శాతం బంగారమే ఉంటుంది, మిగిలినది సాధారణంగా రాగి, వెండి కాబట్టి అది కూడా మంచి ఎంపికే. మెత్తదనం వల్ల సన్నని కాడ వంగే అవకాశం ఉందని మాత్రం గుర్తుంచుకోవాలి. 75 శాతం బంగారముండే 18 క్యారట్లది ఇంకాస్త గట్టిగా ఉంటుంది. తెల్ల బంగారాన్ని మాత్రం విచారించి కొనండి, కొన్నిటిలో తెలుపు కోసం నికెల్ కలుపుతారు. శస్త్రచికిత్స పరికరాల ఉక్కు అని చెప్పి అమ్మే 316ఎల్ రకంలోనూ నికెల్ 10 శాతానికి పైగానే ఉంటుంది. అది గట్టిగా బంధించబడి ఉండటం వల్ల చాలామందికి ఇబ్బంది కలగదు గాని, ఇప్పటికే దురద వచ్చినవారికి నేను సిఫారసు చేయను. కాడకు రంగులేని గోళ్ళ పాలిష్ రాసుకోమని కొందరు చెబుతారు. అది కొద్దికాలంలోనే అరిగిపోతుంది కనుక దాని మీద భరోసా పెట్టుకోకండి. ఎర్రదనం పూర్తిగా తగ్గేదాకా ఏ దిద్దులూ పెట్టుకోకపోవడం ఉత్తమం, అయితే చెవులు ఈమధ్యే కుట్టించుకుని ఉంటే రంధ్రం పూడిపోతుంది కాబట్టి, తీసేముందు వైద్యులను అడగండి.

మూడవ సమాధానం

పువ్వు గురించి కూడా ఎవరైనా చెప్పాలి కదా, ఆ భాగం నేను తీసుకుంటాను. పువ్వు దిద్దులో అందం రేకుల అమరికలోనే ఉంది. రాళ్ళ పువ్వు తీసుకునేటట్టయితే ఒక సంగతి గమనించండి. ఒకే పరిమాణమున్న గుండ్రటి రాళ్ళు నడుమ ఒకటి పెడితే చుట్టూ సరిగ్గా ఆరు పడతాయి, సందు ఏమాత్రం మిగలదు. ఏడు రాళ్ళ దిద్దు అంత నిండుగా కనిపించడానికి కారణం అదే. చుట్టూ అయిదు రాళ్ళే పెట్టాలంటే నడిమి రాయి వాటిలో సుమారు 0.7 వంతు ఉండాలి. ఎనిమిది పెట్టాలంటే నడిమి రాయి వాటికి సుమారు 1.6 రెట్లు కావాలి. ఈ లెక్క తప్పినచోట రాళ్ళ మధ్య సందులు కనిపిస్తాయి, ఆ సందుల్ని లోహంతో పూడ్చి ఉంటారు, దాంతో దిద్దు అకారణంగా బరువెక్కుతుంది.

అయిదు రేకుల పువ్వుకు పై రేకు అంటూ ఒకటి ఉంటుంది. గుండ్రటి కాడ రంధ్రంలో సులువుగా తిరుగుతుంది కాబట్టి, పెట్టుకున్నాక రెండు చెవుల్లోనూ ఒక రేకు నిటారుగా పైకి ఉందో లేదో చూసుకోవాలి. రెండిటిలో ఏ ఒక్కటి అర రేకంత తిరిగినా జత పొసగనట్టు కనిపిస్తుంది. ఆరు లేదా ఎనిమిది రేకుల పువ్వులో ఈ తేడా అంతగా తెలియదు, రోజువారీకి నేను వాటినే మెచ్చుకుంటాను. పువ్వు పక్కన ఆకో మొగ్గో ఉన్న నమూనా అయితే ఎడమది, కుడిది అద్దంలో ప్రతిబింబాల్లా ఎదురెదురుగా చేసి ఉండాలి. రెండూ ఒకే వైపు తిరిగి ఉంటే ఆ జతను వదిలేయండి.

కొనేముందు రేకుల అంచుల మీదా, రాళ్ళను పట్టి ఉంచే లోహపు గోళ్ళ మీదా పలచని పట్టుగుడ్డను మెల్లగా లాగి చూడండి. గుడ్డ పోగు ఒక్కచోట చిక్కుకున్నా, రేపు అక్కడ మీ జుట్టు చిక్కుకుంటుంది. రేకులు మరీ పలచనివైతే తలగుడ్డ తీసేటప్పుడో, చొక్కా మీదినుంచి తొడిగేటప్పుడో వంగిపోతాయి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. అట్టముక్కతో పరీక్షించాను, మీరు చెప్పినట్టే పై అంచు విడిపోయింది, వెడల్పు బిళ్ళ తొడిగితే చాలావరకు నిలబడింది. కాడను పరీక్షగా చూస్తే చెవిలో ఉండే భాగం మాత్రమే నల్లబడి ఉంది. రంధ్రం నుంచి తమ్మె అంచుకు 5 మి.మీ. కంటే కొంచెం తక్కువే వచ్చింది. ఇంకా రెండు సందేహాలు ఉన్నాయి. ఈ పాత పువ్వుల కాడను తీయించి పైకి అతికించుకోవచ్చా? కొత్తవాటిని రాత్రిపూట కూడా ఉంచుకోవచ్చా, ఎలా శుభ్రం చేసుకోవాలి?

మొదటి సమాధానం రాసినవారు

పూత వేసిన దిద్దులకు కాడ మార్పించడం నేను చెప్పను. అతికించే వేడికి పూత కాలి రంగు మారుతుంది, మళ్ళీ పూత వేయించినా లోపలి లోహం అదే కాబట్టి మీ దురద సమస్య తీరదు. బంగారు లేదా వెండి దిద్దులైతే కంసాలిచేత నిక్షేపంగా చేయించుకోవచ్చు, కాకపోతే ముత్యాలు, రంగు మీనా, వేడికి తట్టుకోలేని రాళ్ళు ఉంటే ముందే చెప్పాలి. మీ కొలతకు 10 మి.మీ. లోపు పువ్వు, కాడ నడుముకు కాస్త పైన, వెడల్పు బిళ్ళ ఉన్న మర శీల, ఇలా చూసుకోండి. మర శీల తేలికగా ఊడిపోదు, అయితే తమ్మె నొక్కుకునేదాకా తిప్పకుండా వెంట్రుకవాసి సందు వదలాలి.

రాత్రిపూట తీసేయడమే మంచిది. పక్కకు తిరిగి పడుకున్నప్పుడు కాడ కొస చెవి వెనక గుచ్చుకుంటుంది, రేకులు దిండుకు తగులుకుంటాయి. శుభ్రం చేయడానికి గోరువెచ్చని నీళ్ళలో రెండు చుక్కల మెత్తని సబ్బు కలిపి, మృదువైన బ్రష్‌తో రేకుల వెనకవైపు తోమి, బాగా ఆరనివ్వండి. షాంపూ జిడ్డు పేరుకునేది ఆ వెనకవైపే. రాళ్ళకు వెనక మూత ఉండి లోపల మెరుపు రేకు వేసిన దిద్దులను మాత్రం నీళ్ళలో ముంచకూడదు, తడి లోపలికి చేరితే రేకు నల్లబడి రాయి కాంతి పోతుంది. ముత్యాలకు సబ్బు కూడా వద్దు, తడిపి పిండిన మెత్తని గుడ్డతో తుడిస్తే చాలు. సెంటు, జుట్టు స్ప్రే వాడే అలవాటుంటే అవి ఆరిన తర్వాతే దిద్దులు పెట్టుకోండి. కొత్త జత మొదటి రోజు రెండు మూడు గంటలు మాత్రమే పెట్టుకుని తీసేసి, ఆ తర్వాత రెండు మూడు రోజులు చెవిని గమనించండి. దురద రాకపోతే రోజంతా వాడుకోవచ్చు.