పరిణామాన్ని ఒప్పుకుంటూ సృష్టికర్తను నమ్మవచ్చా?

సందేహి:
నేను దేవుణ్ణి నమ్ముతాను. బయాలజీలో డిగ్రీ చేశాను, జీవపరిణామం జరిగిందన్న విషయంలో నాకు అనుమానం లేదు. మొన్న ఒక స్నేహితుడు "రెండు పడవల మీద కాళ్ళు పెట్టావు, ఏదో ఒకటి తేల్చుకో" అన్నాడు. అప్పటి నుంచీ అదే ఆలోచన. ఈ రెండూ నిజంగానే పొసగవా? తిట్టుకోకుండా చెప్పండి.

రాతిపొర:
"సృష్టి" అంటే మీ ఉద్దేశం ఏమిటో ముందు చెప్పాలి. 17వ శతాబ్దంలో ఆర్చిబిషప్ జేమ్స్ అషర్ బైబిల్ వంశావళులు లెక్కగట్టి లోకం క్రీ.పూ. 4004లో పుట్టిందన్నాడు. భూమి వయసేమో దాదాపు 454 కోట్ల ఏళ్ళు. ఉల్కల్లోని సీసం ఐసోటోపులు (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు) కొలిచి 1956లోనే క్లెయిర్ ప్యాటర్సన్ అనే శాస్త్రజ్ఞుడు ఇంచుమించు ఇదే అంకె చెప్పాడు. ఆరువేల ఏళ్ళ సృష్టిని దీనితో కలపడం ఎవరి వల్లా కాదు.

ఒకాయన ప్రయత్నించాడు లెండి. 1857లో ఫిలిప్ గాస్, ఆదాముకు బొడ్డు ఉన్నట్టే రాళ్ళలో శిలాజాలూ ఉన్నాయని, దేవుడు లోకాన్ని పాతదిలా కనబడేట్టే చేశాడని ఒక పుస్తకమే రాశాడు. భక్తులకూ నచ్చలేదు, శాస్త్రజ్ఞులకూ నచ్చలేదు. దేవుడే అబద్ధపు సాక్ష్యం సృష్టించాడన్నట్టు తయారైంది మరి.

"అన్నిటికీ వెనక ఒక సృష్టికర్త ఉన్నాడు" అనేదే మీ నమ్మకమైతే, అది రాళ్ళు కొట్టి చూసే నా సుత్తికి అందే విషయం కాదు.

నిదానం:
సందేహి గారూ, మీరు ఒంటరి కాదు. పరిణామం వెలుగులో చూడకపోతే బయాలజీలో ఏదీ అర్థం కాదని 1973లో రాసిన జన్యుశాస్త్రజ్ఞుడు థియోడోసియస్ డోబ్‌జాన్‌స్కీ, అదే వ్యాసంలో తాను సృష్టివాదినీ పరిణామవాదినీ అని చెప్పుకున్నాడు. విశ్వం ఒక ఆదిమ కణం నుంచి విస్తరించిందన్న ఊహ ఇచ్చిన జార్జ్ లెమైత్ర్ క్యాథలిక్ పూజారి. బైబిల్ మొదటి పుస్తకం ఆదికాండంలోని సృష్టి రోజులు మనకు తెలిసిన రోజులేనా అన్న ప్రశ్న డార్విన్‌కు పద్నాలుగు వందల ఏళ్ళ ముందే క్రైస్తవ గురువు అగస్టీన్‌కు వచ్చింది. సూర్యుడు నాలుగో రోజున గదా పుట్టాడు, మరి మొదటి మూడు రోజులూ ఎలా లెక్కపెట్టారు?

కత్తెర:
నిదానం గారూ, ఈ పేర్ల జాబితా ఎప్పుడూ చూసేదే. సిగరెట్ తాగే డాక్టర్లు ఉన్నారు, అంతమాత్రాన సిగరెట్‌కూ ఊపిరితిత్తులకూ సయోధ్య కుదిరినట్టా? ఒక మనిషి తలలో రెండు నమ్మకాలు ఇమిడాయంటే అవి ఒకదానితో ఒకటి పొసిగినట్టు కాదు.

వయసు గొడవ వదిలేద్దాం, అది తేలిపోయింది. అసలు చిక్కు పద్ధతిలో ఉంది. ప్రకృతి వరణం, అంటే పరిసరాలకు సరిపడేవే ఎక్కువ పిల్లల్ని కని మిగలడం, పని చేసేది చాలావరకు చావు ద్వారా. పుట్టినవాటిలో కొన్ని పిల్లల్ని కనకుండానో, మిగతావాటికంటే తక్కువ కనో పోతే తప్ప అది ముందుకు నడవదు. ప్రేమమయుడైన దేవుడు ఈ దారే ఎందుకు ఎంచుకున్నాడు?

అవతారప్రియ:
మన దశావతారాల్లో పరిణామం ఉండనే ఉంది కదా? చేప, తాబేలు, పంది, నరసింహుడు, తర్వాత మనిషి. మనకు గొడవే లేదు.

రాతిపొర:
అమ్మా, అది ఒకే దేవుడు పదిసార్లు దిగి రావడం. పరిణామం అంటే ఒక జాతి నుంచి ఇంకో జాతి చీలడం. పైగా పరిణామం నిచ్చెన కాదు, కొమ్మలు వేసే చెట్టు. చేపలు ఇప్పటికీ మారుతూనే ఉన్నాయి, మనిషి కోసం ఆగలేదు. నన్నడిగితే దానికంటే ఋగ్వేదంలోని నాసదీయ సూక్తం నయం. ఈ సృష్టి ఎక్కడి నుంచి వచ్చిందో పైనుంచి చూసేవాడికి తెలుసునేమో, ఆయనకూ తెలియదేమో అని వదిలేస్తుంది.

డిజైనర్:
బాక్టీరియా తోక చూడండి, అచ్చం మోటారు. ఒక్క భాగం తీసేసినా ఆగిపోతుంది. అది మెల్లమెల్లగా ఎలా వస్తుంది?

రాతిపొర:
ఈ వాదన 2005లో అమెరికాలోని డోవర్ కేసులో కోర్టుకెక్కింది, "ఇంటెలిజెంట్ డిజైన్", అంటే జీవుల్ని ఎవరో తెలివిగా రూపొందించారన్న వాదం, సైన్సు కాదని తీర్పు వచ్చింది. ఆ తోకలోని భాగాలు కొన్ని వేరే బాక్టీరియాల్లో విషం ఎక్కించే సూదిలా పనిచేస్తున్నాయి. ఆ కోర్టులో డిజైన్‌కు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పిన జీవశాస్త్రజ్ఞుడు కెనెత్ మిల్లర్ క్యాథలిక్కే. పరిణామానికి ఇంకో గుర్తు చూడండి. చింపాంజీలకు 24 జతల క్రోమోజోములు, మనకు 23. మామూలుగా క్రోమోజోము చివర్లలో ఉండాల్సిన గుర్తులు మన రెండో క్రోమోజోము మధ్యలో కనిపిస్తాయి. మన పూర్వీకుల్లో రెండు అతుక్కుని ఒకటయ్యాయన్నమాట. తెలియని చోటల్లా దేవుణ్ణి కూర్చోబెడితే, తెలిసినకొద్దీ ఆయన్ని లేపాల్సి వస్తుంది.

నిదానం:
కత్తెర గారి ప్రశ్న దగ్గరికి వస్తాను, మిగతావన్నీ దాని ముందు చిన్నవి.

1860 మేలో డార్విన్ ఈ మాటే అమెరికా వృక్షశాస్త్రజ్ఞుడు ఏసా గ్రేకు ఉత్తరంలో రాశాడు. గ్రే గట్టి క్రైస్తవుడు, అక్కడ డార్విన్ తరఫున నిలబడ్డవాడు కూడా. ఇక్న్యుమన్ కందిరీగలు గొంగళిపురుగు బతికుండగానే దాని ఒంట్లో పెరుగుతూ తింటాయి. దయగల, సర్వశక్తిమంతుడైన దేవుడు కావాలని వాటిని ఇలా చేశాడంటే నమ్మలేకపోతున్నానన్నాడు. అదే ఉత్తరంలో ఇంకో వైపూ ఉంది. ఈ లోకమంతా కేవలం గుడ్డి బలం వల్ల వచ్చిందన్నా తృప్తి కలగడం లేదట. నియమాలు ఏర్పాటు చేసినవి కావచ్చు, వివరాలు యాదృచ్ఛికానికి వదిలినవి కావచ్చు అన్నాడు. చివరికి, ఇది మనిషి బుద్ధికి మించినది, కుక్క న్యూటన్ మనసు గురించి ఆలోచించినట్టుంటుందన్నాడు. చాలామంది సగం ఉత్తరమే చదువుతారు, రెండు పక్షాల వాళ్ళూ.

గ్రే మాత్రం ఊరుకోలేదు. మార్పులు మేలైన దారిలో వచ్చేలా దేవుడే నడిపిస్తున్నాడని అనుకుందామన్నాడు. 1868లో డార్విన్ దానికిచ్చిన జవాబు నన్ను ఇప్పటికీ వదలదు. కొండచరియ విరిగి రాళ్ళు పడ్డాయి, ఒకడు వాటిలో పనికొచ్చినవి ఏరి ఇల్లు కట్టాడు. ఒక్కో రాయి ఆకారానికీ కారణాలున్నాయి, కానీ ఆ రాయి ఈ ఇంటి కోసమే అలా విరిగిందనగలమా?

దీని ముందు గ్రే ఓడిపోయాడనే నా అభిప్రాయం. అందుకే నేను "దేవుడు మ్యుటేషన్లు (జన్యువుల్లో మార్పులు) నడిపిస్తున్నాడు" అనడం మానేశాను. నియమాలే ఆయనవి, రాళ్ళు వాటంతటవే పడ్డాయి అంటాను.

కత్తెర:
అలాగైతే మీ దేవుడు కొండను చేసి పక్కకు తప్పుకున్నాడు. ఆయనకు ప్రార్థన ఎందుకు చేస్తున్నట్టు? ఇంకొకటి. 1950లో పోప్ పన్నెండో పయస్, శరీరం పరిణామం వల్ల వచ్చిందేమో పరిశోధించవచ్చు, ఆత్మను మాత్రం దేవుడు నేరుగా సృష్టిస్తాడు అన్నాడు. ఏ తరంలో? తల్లికి లేని ఆత్మ బిడ్డకు వచ్చిందా?

నిదానం:
ఆ గీత ఎక్కడ గీయాలో నాకు తెలియదు. చిన్నపిల్లవాడు "నేను" అనడం ఏ రోజు మొదలుపెట్టాడో కూడా ఎవరూ చెప్పలేరు కదా అని సర్దుకుంటాను. అది మీ ప్రశ్నకు జవాబు కాదని నాకూ తెలుసు. ప్రార్థన సంగతా, కొండ విరగకుండా ఆపమని అడగడం మానేశానండీ. కందిరీగ విషయంలో మాత్రం ఏమీ చెప్పలేను. మొదట రెండూ పొసగుతాయన్నట్టు మాట్లాడాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఒక్క చోట అతుకు కుదరలేదు, దాంతోనే బతుకుతున్నాను.

కత్తెర:
నేనైతే అతుకు కుదరని చోట గుడ్డ మార్చేస్తాను. కానీ కుదిరిందని దబాయించలేదు చూడండి, అందుకు సంతోషం.

సందేహి:
ఇదంతా నా స్నేహితుడికి పంపాను. పడవల మాట ఎత్తలేదు. "ఆ కందిరీగ నిజమేనా?" అని అడిగాడు. నిజమే అన్నాను. ఇంకేమీ అడగలేదు.